సునీల్ ఛెత్రీని సింగపూర్ మ్యాచ్‌లలో ఆడించాలా, వద్దా?

(2025 అక్టోబరు మ్యాచ్‌లకు ముందు నడిచిన చర్చ)

ప్రశ్న: పాతూరు లెఫ్ట్‌బ్యాక్, అనంతపురం

మిత్రులందరికీ నమస్కారం. ఆసియా కప్ ఫుట్‌బాల్ అర్హత పోటీల్లో మన జట్టు సింగపూర్‌తో 2025 అక్టోబరు 9న వారి గడ్డపైన, 14న మన గడ్డపైన తలపడబోతున్నది. ఈ రెండు మ్యాచ్‌ల కోసం కోచ్ ఖాలిద్ జమీల్ శిబిరానికి పిలిచిన ఆటగాళ్ళలో సునీల్ ఛెత్రీ పేరు మళ్ళీ కనిపించడంతో, సాయంత్రం పూట ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాల దగ్గర పిల్లలను దింపడానికి వచ్చే మా తండ్రుల మధ్య పెద్ద వాదమే నడుస్తున్నది. ఆగస్టు 3తో ఆయనకు 41 ఏళ్ళు నిండాయి.

పరిస్థితి ఏమిటో మీకు తెలిసిందే. మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0తో ముగించాము. జూన్ 10న హాంకాంగ్‌లో ఆట ముగిసిపోతున్న దశలో పెనాల్టీ ఇచ్చుకొని 0-1తో ఓడాము. మనకున్నది ఒక్క పాయింటు. హాంకాంగ్, సింగపూర్‌లకు చెరి నాలుగు ఉన్నాయి. గ్రూపులో మొదటి స్థానం దక్కించుకున్న జట్టే 2027లో సౌదీ అరేబియాకు వెళుతుంది, రెండవ స్థానానికి విలువ లేదు.

ఛెత్రీ 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో గోల్ లేకుండా ముగిసిన మ్యాచ్‌తో దేశం తరఫున ఆటకు వీడ్కోలు పలికారు. ఆ సంవత్సరమంతా మనం ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఈ మార్చిలో అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ ఆయనను వెనక్కి పిలిపించగా, 19వ తేదీన మాల్దీవులను 3-0తో ఓడించాము. అందులో ఒకటి ఆయన తలతో కొట్టినది, దేశం తరఫున ఆయనకు 95వ గోల్. పదహారు నెలల తరువాత మనం చూసిన గెలుపు అది. అయితే ఆ మ్యాచ్ స్నేహపూర్వకమైనది. అసలైన అర్హత పోటీల్లో ఆ తరువాత ఆయనకూ గోల్ లేదు, జట్టుకూ గోల్ లేదు. ఈలోగా మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం నడిపే కాఫా నేషన్స్ కప్‌కు ఆయన లేకుండానే తజికిస్తాన్ వెళ్ళిన జట్టు ఆతిథ్య జట్టును 2-1తో ఓడించి, ఒమన్‌ను షూటౌట్‌లో దాటి, మూడవ స్థానంతో తిరిగివచ్చింది.

ఆయన లేకుండా గెలవడం నేర్చుకుంటున్న జట్టులోకి ఆయనను మళ్ళీ తీసుకురావడం అవసరమా? అభిమానం సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆట తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

డ్రిల్లు మాస్టారు, కడప

లెఫ్ట్‌బ్యాక్ గారూ, సూటిగా చెబుతాను: అవసరం లేదు. ఆయన గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్‌పై ఆడిన తొలి మ్యాచ్‌లోనే గోల్ కొట్టిన ఆటగాడు, 2008లో ఢిల్లీలో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో తజికిస్తాన్‌పై మూడు గోల్స్ కొట్టి, 1984 తరువాత తొలిసారిగా మనలను ఆసియా కప్‌కు చేర్చిన ఆటగాడు. అయినా జట్టులో చోటు అనేది చేసిన సేవకు ఇచ్చే పింఛను కాదు.

నేను జిల్లా స్థాయి మ్యాచ్‌లకు రిఫరీగా కూడా వెళుతుంటాను. వయసు మీద పడిన ఫార్వర్డ్‌ను గుర్తుపట్టాలంటే బంతి అతని కాలి దగ్గర ఉన్నప్పుడు కాదు, అతని నుంచి పోయిన తరువాత చూడాలి. బంతి ఎదుటి సెంటర్‌బ్యాక్‌కు, అంటే మధ్యలో కాపు కాసే డిఫెండర్‌కు, చేరగానే కుర్రవాడైతే వెంటనే మీదికి పోయి అతన్ని గోల్‌కీపర్ వైపు తిరిగేలా చేస్తాడు. పెద్దవాడు నడుము మీద చేతులు పెట్టుకొని, ఒక్క ఊపిరి తీసుకొని, అప్పుడు బయలుదేరుతాడు. ఆ ఒక్క ఊపిరిలోనే సెంటర్‌బ్యాక్ తల ఎత్తి, చూసుకొని, మధ్యలో ఖాళీగా ఉన్నవాడికి పాస్ ఇచ్చేస్తాడు. ఇక మన మిడ్‌ఫీల్డర్లు ముందుకు రావాలో వెనక్కి తగ్గాలో తేల్చుకోలేక చెదిరిపోతారు. చివరికి గోల్ పడినప్పుడు తప్పు మాత్రం డిఫెండర్ల ఖాతాలో పడుతుంది.

ఇంకొక నష్టం ఉన్నది, అది అంకెల్లో కనిపించదు. ఆయన మైదానంలో ఉంటే మిగిలిన పదిమంది బంతిని ఆయనకే వెతికి ఇస్తారు. చాంగ్టే వంటి వేగమైన ఆటగాడు తానే గోల్ వైపు దూసుకుపోవలసిన చోట ఆగి, లోపలికి క్రాస్ వేస్తాడు. ఇది భక్తి, వ్యూహం కాదు.

బురుజు కింద, కర్నూలు

మాస్టారు గారు చెప్పిన ఆ ఒక్క ఊపిరి సంగతి నిజమే కాని, అది మొదటి నిమిషం నుంచి ఆడే ఆటగాడికి వర్తిస్తుంది. అరవయ్యవ నిమిషంలో, ఎదుటి డిఫెండర్ల కాళ్ళు బరువెక్కిన తరువాత దిగేవానికి ఆ లెక్క వేరు.

కాఫా కప్‌ను చూపించి ఆయన అక్కరలేదనేవారు ఆ గోల్స్ ఎవరు కొట్టారో కూడా చెప్పాలి. తజికిస్తాన్‌పై కొట్టినవారు అన్వర్ అలీ, సందేశ్ ఝింగాన్, ఇద్దరూ సెంటర్‌బ్యాక్‌లే. ఒమన్‌పై సమం చేసినది ఉదాంత సింగ్, ఆయన మైదానం అంచున ఆడే వింగర్. ఇరాన్‌పై 0-3, అఫ్గానిస్తాన్‌పై 0-0. నాలుగు మ్యాచ్‌లలో మన స్ట్రైకర్ పేరు మీద ఒక్క గోల్ లేదు. ఇర్ఫాన్ యద్వాడ్ కష్టపడి పరుగెత్తాడు, నాకు అతని మీద ఆశ ఉన్నది, కాని పరుగు వేరు, పెనాల్టీ బాక్సులో అర సెకను దొరికినప్పుడు చేయవలసిన పని వేరు.

ఆ పని ఏమిటో ఏప్రిల్ 6న గోవాలో చూశాము. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సెమీఫైనల్ రెండవ మ్యాచ్. ఛెత్రీ క్లబ్బు బెంగళూరు 0-2తో వెనుకబడి, రెండు మ్యాచ్‌ల మొత్తం లెక్కలో 2-2 అయి, ఎక్స్‌ట్రా టైమ్ తప్పదని అందరూ అనుకుంటున్న దశ. తొంభై నిమిషాలు ముగిశాక కలిపిన ఇంజురీ టైమ్ రెండవ నిమిషంలో ఛెత్రీ తల తగిలించి జట్టును ఫైనల్‌కు పంపారు. ఆయన ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లు, డిఫెండర్లు ఆయనకంటే పొడగరులు. ఆయన గోల్స్‌ను మళ్ళీ మళ్ళీ చూస్తే అర్థమయ్యేది ఏమిటంటే, క్రాస్ వచ్చే ముందు ఆయన డిఫెండర్ కంటికి కనిపించని పక్కన నిలబడతారు. బంతి గాలిలోకి లేచిన తరువాతనే కదులుతారు, అంతకుముందు కాదు. ఈ విద్యకు కాళ్ళ వేగంతో పెద్దగా పని లేదు. ఆ సీజన్‌లో ఆయన 14 గోల్స్ కొట్టారు, భారతీయ ఆటగాళ్ళలో అవే అత్యధికం, వాటిలో కొన్ని బెంచ్ మీద నుంచి లేచి వచ్చి కొట్టినవే.

అసలు తప్పు ఛెత్రీది కాదు, మన క్లబ్బులది. గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ స్థానాన్ని దాదాపు ప్రతి క్లబ్బూ విదేశీయుడికి అప్పగించి, మన కుర్రవాళ్ళను వింగ్‌కు తోసేస్తున్నది. వారం వారం క్లబ్బులో వింగ్‌లో ఆడేవాణ్ణి దేశం తరఫున ఒక్కసారిగా స్ట్రైకర్‌ను చేస్తే గోల్స్ ఎక్కడినుంచి రాలుతాయి? ఛెత్రీని తీసివేసినంత మాత్రాన ఆ ఖాళీలో మరొకరు మొలకెత్తరు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు (ప్రస్తుతం డెన్వర్)

అన్నలకు నమస్కారం. నేను ఉద్యోగరీత్యా ఉంటున్న డెన్వర్‌లో ఇదే వాదం 2015లో అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఊరంతా నడిచిందని ఇక్కడి పాతవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆట వేరు, నియమాలు వేరు. అయినా ఈ సందర్భానికి పనికివస్తుంది కనుక చెబుతాను.

పేటన్ మానింగ్ అప్పటికి డెన్వర్ జట్టులో 39 ఏళ్ళ క్వార్టర్‌బ్యాక్. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటే దాడిలో దాదాపు ప్రతి బంతీ ముందుగా అతని చేతికే వస్తుంది, కనుక అతను తడబడితే దాచడానికి వీలుండదు. పాదం నొప్పితో ఆడుతున్న మానింగ్ నవంబరు 15న కాన్సాస్ సిటీతో మ్యాచ్‌లో 20 పాస్‌లు విసిరితే తనవారికి అందినవి 5, ఎదుటివారి చేతుల్లో పడినవి 4. విచిత్రమేమంటే, అదే మ్యాచ్‌లో ఆయన మొత్తం పాసింగ్ యార్డుల్లో (పాస్‌లతో బంతిని ముందుకు నడిపిన దూరంలో) బ్రెట్ ఫావ్ రికార్డును దాటారు; అదే మ్యాచ్‌లో కోచ్ ఆయనను బెంచ్ మీద కూర్చోబెట్టి బ్రాక్ ఆస్వైలర్‌ను దింపారు. సీజన్ మొత్తానికి ఆయన టచ్‌డౌన్ (మన గోల్ వంటిది) తెచ్చిన పాస్‌లు 9, ఎదుటివారికి పోగొట్టుకున్నవి 17.

అయినా జట్టు ఆయనను వదులుకోలేదు. వారాల తరబడి విశ్రాంతి ఇచ్చి, సీజన్ చివరి మ్యాచ్‌లో ఆట మధ్యలో తిరిగి దింపింది, ఆ మ్యాచ్ గెలిచింది. 2016 ఫిబ్రవరి 7న ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను 24-10తో గెలుచుకున్నది కూడా ఆయన సారథ్యంలోనే. అందులో ఆయన చేసినది తక్కువే, 141 యార్డులు మాత్రమే, గెలిపించినది డిఫెన్స్. ఆయనకు అప్పగించిన పని తప్పులు చేయకుండా ఆటను నడపడం, ఆ పని ఆయన చేశారు, మార్చిలో గౌరవంగా తప్పుకున్నారు.

నా ఉద్దేశం ఏమిటంటే, తీసివేయడానికీ మొదటినుంచీ ఆడించడానికీ మధ్య చాలా చోటు ఉన్నది. క్వార్టర్‌బ్యాక్ విషయంలోనే ఆ చోటు దొరికినప్పుడు, ఇరవై నిమిషాలకు దిగగల స్ట్రైకర్ విషయంలో దొరకకపోవడం ఏమిటి?

డ్రిల్లు మాస్టారు, కడప

ప్రొద్దుటూరు తమ్ముడూ, ఉదాహరణ బాగున్నది, కాని నువ్వు చెప్పిన దానిలోనే నా సమాధానం ఉన్నది. మానింగ్ బెంచ్ మీద ఉన్నంతకాలం ఆస్వైలర్ మొదటినుంచీ ఆడిన ఏడు మ్యాచ్‌లలో అయిదు గెలిచాడు. అంటే వారికి వెనుక ఒకడు తయారుగా ఉన్నాడు, ముందు భయంకరమైన డిఫెన్స్ ఉన్నది. మనకు ఈ రెండూ లేవు. ఆ రెండూ ఉన్నవాడు పెద్దాయనను అట్టిపెట్టుకోవడం వివేకం. ఏమీ లేనివాడు అదే పని చేస్తే అది వాయిదా వేయడమే అవుతుంది.

కర్నూలు వారు క్లబ్బుల గురించి చెప్పినది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. అందుకే దేశం జట్టులోనైనా కుర్రవాళ్ళకు ఆ స్థానం దొరకాలంటున్నాను.

పాతూరు లెఫ్ట్‌బ్యాక్, అనంతపురం

అందరికీ ధన్యవాదాలు. ఎవరూ ప్రస్తావించని ఒక విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది. లీగ్‌ను నడిపే హక్కుల ఒప్పందం తేలకపోవడంతో ఐఎస్‌ఎల్ కొత్త సీజన్ జూలైలోనే నిలిచిపోయింది. పాతికేళ్ళవాడు మ్యాచ్‌లు లేకుండా నెలలు గడిపినా రెండు వారాల శిబిరంలో తేరుకుంటాడు. నలభై దాటినవారికి మ్యాచ్‌లే ప్రాణాధారం, సాధన వాటికి బదులు కాలేదు. గోవాలో ఏప్రిల్‌లో కనిపించిన ఛెత్రీ అక్టోబరులో సింగపూర్‌లో కనిపిస్తారని నేను నమ్మలేకపోతున్నాను.

మా మైదానంలో నిన్న పద్నాలుగేళ్ళలోపు పిల్లలను, మన దేశం స్ట్రైకర్ ఎవరని అడిగాను. అందరూ ఛెత్రీ అన్నారు. ఆయన తరువాత ఎవరు అంటే కొందరు మెస్సీ అన్నారు, ఒక పాప రొనాల్డో అన్నది. నవ్వు వచ్చింది కాని, మాస్టారు గారి వాదానికి ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు.

కనుక నేను ఇలా అనుకుంటున్నాను: 9న యద్వాడ్‌నో, విక్రమ్ ప్రతాప్ సింగ్‌నో మొదటినుంచీ ఆడించాలి, వారు గోల్ కొట్టకపోయినా 14న వారినే మళ్ళీ దింపాలి. ఛెత్రీ బెంచ్ మీద ఉండాలి, గోల్ తప్పనిసరి అయినప్పుడు చివరి ఇరవై నిమిషాలకు రావాలి. కర్నూలు అన్నా, దీనికి మీరు ఒప్పుకుంటారా?

బురుజు కింద, కర్నూలు

ఇరవై కాదు, ముప్పై. మిగిలినదానికి ఒప్పుకుంటాను. అయితే 9న మనం ఓడితే 14న మీరే ఆయనను మొదటినుంచీ దింపమంటారని నా అనుమానం.