ఆరుద్ర కురిస్తే... తర్వాత?

చుక్కలపిచ్చి: బెటెల్గ్యూస్ మీద, అదే మన ఆర్ద్రా నక్షత్రం మీద, చిన్న వ్యాసం రాస్తున్నాను. 2019 చివర్లో మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరికల్లా సగానికి పైగా వెలుగు తగ్గింది కదా. అది ఎగజిమ్మిన వాయువు చల్లబడి, ధూళిగా మారి మనకు అడ్డొచ్చిందని తేల్చారు. శీర్షికకు అమ్మమ్మ సామెత పెడదామనుకున్నాను. 'ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం' వరకు గుర్తుంది. చివర 'లేదు' అనా, 'ఉండదు' అనా?

పాత మాస్టారు: ముందు ఆ 'రు' తీసేయండి. ఆర్ద్ర అంటే తడి. వ్యాసంలో ఆర్ద్ర, శీర్షికలో ఆరుద్ర ఏమిటి?

దుక్కి: జూన్ 22 ప్రాంతంలో వచ్చేది మాకు ఆరుద్ర కార్తే. తడిసిన చాళ్లలో ఎర్రటి మఖమల్ గుడ్డముక్కలా పాకేది ఆరుద్ర పురుగే. దాన్ని ఆర్ద్ర పురుగు అని పిలిస్తే మా పాలేరు కూడా నవ్వుతాడు.

తాళపత్రం: ఆ 'రు' ఊరికే రాలేదు. ఆ నక్షత్రానికి అధిదేవత రుద్రుడు. ఆయనే పేరులో దూరాడు.

పాత మాస్టారు: రుద్రుడికి అంత తీరిక లేదు. రాత్రి రాతిరి అయింది, రత్నం రతనం అయింది. ఇదీ అంతే.

తాళపత్రం: రాతిరిలో 'ఇ', రతనంలో 'అ'. ఇక్కడ 'ఉ' ఎక్కడిది మాస్టారూ?

పాత మాస్టారు: భక్తి భకుతి కాలేదా?

విశాఖవాసి: భాగవతుల సదాశివశంకర శాస్త్రి గారు కలంపేరు ఎంచుకున్నప్పుడు 'రు' ఉంచుకున్నారు. మన సాహిత్య చరిత్రనంతా తవ్విపోసిన మనిషికి తెలియకనా? అంత్యప్రాస ఆయన చేతిలో పడితే...

చుక్కలపిచ్చి: 'లేదు' సంగతి?

తాళపత్రం: అసలు 'కురిస్తే' అనేదే తప్పు. కురవడం పైనుంచి కిందికి. నక్షత్రానికి కింద ఎక్కడ? 'కుబుసం విడిచింది' అనండి.

చుక్కలపిచ్చి: పాము కుబుసాన్ని ఒళ్లంతా విడుస్తుంది. ఇది దక్షిణార్ధంలో ఒకచోటే జరిగింది. అక్కడినుంచి చంద్రుడికి కొన్ని రెట్లు బరువైన ముద్ద లేచిందని హబుల్ పరిశీలనలతో అంచనా వేశారు. ఉబ్బి, పైపొరల మీద పట్టు సడలిన ముసలి తార. ధూళి, వాయువులు ఎప్పుడూ ఎంతో కొంత పోతూనే ఉంటాయి.

విశాఖవాసి: అయితే 'చెమర్చింది' అనవచ్చుగా? నుదుట ఒకచోట చెమట పట్టినట్టు. చెమ్మ అన్నా, ఆర్ద్రత అన్నా తడే.

చుక్కలపిచ్చి: భలే! దాని చుట్టూ ఉన్న వాయువులో నీటి ఆవిరి జాడ కూడా దొరికింది.

పాత మాస్టారు: ధూళి చెమర్చదు. కన్ను చెమరుస్తుంది, నుదురు చెమరుస్తుంది.

విశాఖవాసి: చెమర్చేది తార అంటున్నాను మాస్టారూ, ధూళి కాదు.

దుక్కి: మా వైపు 'ఆరుద్ర వాన అదను వాన' అని కూడా అంటారు. 'లేదు', 'ఉండదు' గొడవే లేదు.

పాత మాస్టారు: అందులోనూ 'రు' ఉంది.