అప్‌డేట్: సాయంత్రమైతే పొలానికి పోతానంటున్న మా నాయన గురించి

పోయిన నెల అడిగాను కదా, నెల్లూరులో మా నాయనకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు), నాలుగు రోజుల్లోనే ఉన్నట్టుండి మారిపోయి రాత్రంతా అరుస్తున్నాడు, సాయంత్రమైతే తువ్వాలు భుజానేసుకుని బుచ్చిరెడ్డిపాళెం పొలానికి పోతానంటాడు, డబ్బులు తీశావని అమ్మ మీదకి పోతున్నాడు అని. ఇంత తొందరగా మారితే ముందు యూరిన్ టెస్ట్ చేయించండి అని ఇద్దరు ముగ్గురు చెప్పారు, మీకు చేతులెత్తి దణ్ణం పెడతా. నిజంగానే ఇన్ఫెక్షన్ ఉంది. జొరం లేదు, మంట అని కూడా చెప్పలేకపోయాడు పాపం, మేమేమో జబ్బు ముదిరిందనుకుని నిద్ర మాత్రలు అడగబోయాం. డాక్టర్ యాంటీబయాటిక్ రాశాడు, వారానికి రాత్రి అరుపులు తగ్గాయి.

సాయంత్రం గోల మాత్రం పోలేదు. ముందు నేను "పొలం అమ్మేశాం కదా నాయనా" అనేవాణ్ణి, అన్న ప్రతిసారీ ఆయనకి అది అప్పుడే తెలిసినట్టు ఏడ్చేవాడు. ఇప్పుడు అట్టా అనటం మానేశా. చీకటి పడకముందే లైట్లన్నీ వేసి, "మొలగొలుకుల వరి ఎట్టా వేసేవాళ్ళు నాయనా" అని అడుగుతా, నారుమడి దగ్గర్నుంచి చెప్పుకుంటూ వీధి చివరిదాకా నాతో నడిచొచ్చి కాఫీ తాగి కూర్చుంటాడు. రోజూ కుదరదు, మొన్న మంగళవారం అస్సలు వినలేదు.

అమ్మే ఇంకా తేరుకోలేదు, ఇన్నేళ్ళ కాపురం తర్వాత దొంగనన్నాడని. అది జబ్బు మాటని ఆమెకీ తెలుసు, అయినా నొప్పి నొప్పే కదా. అందుకే ఆదివారాలు నాయన్ని నేను చూసుకుని ఆమెని మా పిన్ని వాళ్ళింటికి పంపిస్తున్నా.