కనీస కూలి పెంచాలా? ముందు సగటును సరిగా లెక్కగట్టాలా?

ముమ్మిడివరం కౌలు రైతు:
నాట్ల రోజుల్లో ముఠాకు ఎకరాల లెక్కన గుత్త ఇచ్చి, ఆ డబ్బును మనుషులకు పంచి చూస్తే, తలా ఒక్కరికి పడేది ప్రభుత్వం ప్రకటించిన కనీస కూలి కంటే ఎక్కువగానే ఉంటోంది. సగటు కూలి ఇంత పెరిగాక కనీస కూలిని మళ్ళీ పెంచమనడం ఎందుకో నాకు బోధపడడం లేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించడానికి కూలి ఖర్చు కూడా ఒక కారణమే.

భీమవరం గుమాస్తా:
అది ఏ రోజులకు తీసిన సగటండీ? పని దొరికిన రోజులకే కదా. ఒక మనిషికి ఏడాదిలో 90 రోజులు, రోజుకు 600 రూపాయల చొప్పున పని దొరికిందనుకుందాం. వచ్చే 54,000ను 365 రోజులకు పంచితే రోజుకు 148 రూపాయలు కూడా నిండవు. కోత యంత్రం వచ్చి రోజు కూలిని తగ్గించలేదు, రోజులనే తగ్గించింది. మీ సగటులో ఆ తగ్గుదల కనబడదు.

నేను పద్దులు రాసేవాడిని కనుక ఇంకొక లెక్క చెబుతాను. ఒక రొయ్యల షెడ్డులో తలలు తీసే 20 మంది మహిళలకు రోజుకు 400, ఇద్దరు సూపర్‌వైజర్లకు 1,500 చొప్పున, మేనేజరుకు 4,000 ఇస్తున్నారనుకోండి. సగటు 652 అవుతుంది, కానీ ఆ షెడ్డులో 652 తీసుకునేవారు ఒక్కరూ ఉండరు. అందరినీ జీతం వరుసలో నిలబెట్టి నడిమి మనిషిని అడిగితే 400 అనే చెబుతుంది. అసలు 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనాన్ని మూడు వినియోగ యూనిట్ల (ఒక పెద్ద మనిషి వాడకం ఒక యూనిట్) కుటుంబానికి కావలసిన తిండి, బట్ట, అద్దె, ఇంధనాల మీద కట్టమంది. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం వంటి వాటికి మరో 25 శాతం కలపమంది. ఈ లెక్కలో సగటు కూలి ప్రసక్తే లేదు.

ముమ్మిడివరం కౌలు రైతు:
రోజుల లెక్క ఒప్పుకుంటున్నాను. అయితే నన్ను ముంచుతున్నదీ సగటేనండి. 2025-26లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు; దానికి ఆధారంగా చూపిన సాగు ఖర్చు 1,579. అది దేశమంతటికీ కలిపి తీసిన సగటు కనుక, కూలి తక్కువగా ఉన్న రాష్ట్రాల ఖర్చులో మా ఖర్చు కలిసిపోతుంది. కనీస కూలి రాష్ట్రం పెంచుతుంది, ధర కేంద్రం చెబుతుంది, మధ్యలో తేడా కౌలుదారు భరిస్తాడు.

భీమవరం గుమాస్తా:
అందులో మీతో వాదన లేదు. షెడ్డు యజమానికి మద్దతు ధర చిక్కు లేదు కదా, అక్కడ పెంచడానికైనా అభ్యంతరమా?

ముమ్మిడివరం కౌలు రైతు:
లేదండి. ఊడ్పులు లేని నెలల్లో మా ఇంటి నుంచీ ఒకరు అలాంటి షెడ్డుకే వెళతారు.