ఉగాది దగ్గరపడినా చిగురు వేయని దొండపాదు

ప్రశ్న (నెల్లిమర్ల):
మా పెరట్లో మూడేళ్లుగా పందిరి నిండా కాసిన దొండపాదు పుష్యమాసంలో ఆకులన్నీ రాల్చింది. ఏటా జరిగేదే కనుక సంక్రాంతి వెళ్లాక తీగలను మోకాలెత్తున కోసి, మొదలు చుట్టూ పచ్చి పేడ వేసి, రోజూ నీళ్లు పోస్తున్నాను. ఉగాదికి ఇంకా పది రోజులే ఉంది. పక్కింటి పాదు అప్పుడే పందిరికెక్కుతుంటే మాది ఒక్క చిగురైనా వేయలేదు. ఇది మా అత్తగారు నాటిన పాదు, పీకేయడానికి మనసొప్పడం లేదు. ఇంకా ఆగవచ్చా?

జవాబు (నరసన్నపేట):
తొందరపడి పీకవద్దండి. చలికాలంలో దొండ ఎదుగుదల ఆగిపోతుంది. పైతీగ ఎండినా నేలలో గడ్డలా ఊరిన వేరు బతికి ఉంటే మళ్లీ చిగురిస్తుంది. కొస నుంచి కిందికి జానెడుకొకచోట గోటితో బెరడు గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా కనిపించిన చోట ప్రాణమున్నట్టు. నాకు అనుమానమంతా మీరు రోజూ పోస్తున్న నీటి మీదే. ఆకు లేని పాదు నీటిని పెద్దగా పీల్చుకోలేదు కనుక, పచ్చి పేడ కింద చెమ్మ నిలిచిపోయి వేరు కుళ్లే ప్రమాదముంది. పేడను పక్కకు లాగి, ఒక వైపు మట్టి తీసి, వేరును వేలితో నొక్కి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి. నేల నుంచి బెత్తెడు ఎత్తు వరకే పచ్చదనం ఉంది. పెద్ద వేరు ఒక పక్క మెత్తబడి వాసన వస్తోంది, మిగతాది గట్టిగానే ఉంది. సన్నవేళ్ల నిండా పూసల్లాంటి బుడిపెలున్నాయి. మినుము వేళ్లకుండేవి ఇవేనా?

జవాబు (రాజాం):
కావు. మినుము వేరు బుడిపె గోటితో గిల్లితే ఊడి వస్తుంది, అది పైరుకు మేలు చేసేది. అలా కాక వేరు తానే ఉబ్బిపోయి, గిల్లినా ఊడకుండా ఉంటే అది నులిపురుగుల పని. కంటికి కనబడని ఆ పురుగులు వేరులో చేరి నీటినీ పోషకాలనూ పైకి సరిగా అందనివ్వవు, అవి చేసిన గాయాల గుండా కుళ్లు కూడా లోపలికి పోతుంది. అందుచేత నీరొక్కటే కారణమని నేననుకోను. మెత్తబడిన భాగాన్ని శుభ్రమైన కత్తితో కోసివేసి, మట్టిలో వేపపిండి కలిపి, పాత పాదుకు వైశాఖం వరకు గడువివ్వండి. అయితే దానినే నమ్ముకుని కూర్చోవద్దు. పక్కింటి పాదు నుంచి పెన్సిలంత లావున్న ముదురు తీగను మూడు నాలుగు కణుపుల ముక్కలుగా కోసి తెచ్చి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా వేరొకచోట నాటండి. కాయలు కాసిన పాదు నుంచే తేవడం ముఖ్యం, ఎందుకంటే దొండలో ఆడ, మగ పాదులు వేరువేరు; మగపాదు పూస్తుందే గాని కాయదు.

ప్రశ్న అడిగినవారు:
అంతకుముందు ఆ మడిలో వరుసగా బెండ, వంగ వేసేవాళ్లం. కుళ్లు కోసేశాను, ఆరు ముక్కలు తెచ్చి తూర్పు గోడ పక్కన నాటాను. పాతది చిగురించకపోతే రోహిణి కార్తె ఎండకు ఆ మడిని తిరగేసి వదిలేస్తే సరిపోతుందా?

జవాబు (రాజాం):
రోహిణి దాకా ఆగక కృత్తిక కార్తెలోనే మొదలుపెట్టి, పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు తిరగేయండి. అడుగు మట్టి కూడా ఎండితేనే పురుగులు చాలావరకు చస్తాయి. తొలకరికి అక్కడ బంతి వేయండి. ఆ మడిలో వాడిన పలుగును మాత్రం కడగకుండా తూర్పు గోడ వైపు తీసుకుపోవద్దు.