కాంటాక్ట్ బైనరీలు ఢీకొనే ఏడాది ముందే చెప్పొచ్చా?

గుణుపూర్_రాత్రి:
కాంటాక్ట్ బైనరీ అంటే ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా తిరిగే జంట తారలు. అవి ఢీకొని ఒకటయ్యే ఏడాది ముందే చెప్పొచ్చనే నా వాదన. వృశ్చికరాశిలోని వి1309 తార 2008లో ఒక్కసారిగా భగ్గుమంది. 2011లో ఖగోళ శాస్త్రవేత్త టైలెండా బృందం ఓగల్ (తారల వెలుగును ఏళ్ల తరబడి కొలిచే సర్వే) పాత రికార్డులు తిరగేస్తే తెలిసింది: అది 1.4 రోజుల పీరియడ్ (ఒక చుట్టుకి పట్టే కాలం) ఉన్న జంట, ఒకటిగా కలిసిపోవడం వల్లే భగ్గుమంది, ఆ పీరియడ్ పేలుడుకి ముందు ఏళ్లలో దాదాపు 1 శాతం తగ్గింది. ఓ–సి గ్రాఫ్ (చూసిన గ్రహణ సమయంలోంచి లెక్కగట్టింది తీసేస్తే వచ్చే తేడా) కిందికి వంగుతుంటే ఇంకేం కావాలి?

బరంపురం_ఫొటోమెట్రీ:
అదంతా పేలాక వెనక్కి తిరిగి చూసిన లెక్కండీ. ముందే చెప్పబోయి ఏమైందో హంసరాశిలోని కేఐసీ 9832227 అనే జంట చెబుతుంది. 2022లో విలీనమవుతుందని 2017లో ప్రకటించారు. 1999 నాటి ఒక గ్రహణ సమయం పాత పత్రంలో 12 గంటలు తప్పుగా అచ్చయిందని 2018లో బయటపడింది. పీరియడ్ 11 గంటలు కావడంతో ఆ తప్పు గ్రాఫ్‌లో 1 గంటగా కనిపించి, లేని వంపు తెచ్చింది. అచ్చుతప్పు సరే, దాన్ని సరిదిద్దుకోవచ్చు. మూడో తార చుట్టూ జంట ఊగినా వెలుగు ముందువెనుకలై అలాంటి వంపే వస్తుంది. దాన్ని విలీనం నుంచి వేరుచేయడానికి పదేళ్లు సరిపోవు.

గుణుపూర్_రాత్రి:
మరి మన 6 అంగుళాల దుర్భిణులు దండగేనా?

పర్లాకిమిడి_చుక్కలు:
దండగ కాదు గానీ గడియారం ముఖ్యం. సప్తర్షి మండలంలోని డబ్ల్యూ యూఎమ్ఏ అనే కాంటాక్ట్ బైనరీ పీరియడ్ 8 గంటలు. ఏడాదికి రోజులో కోటో వంతు పీరియడ్ మారితే, పదేళ్లలో ఓ–సి తేడా సుమారు 8 నిమిషాలు. సూర్యకేంద్ర సవరణ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వెలుగు ముందువెనుకలుగా చేరే తేడాని తీసేయడం) మరిచినా, తార స్థానాన్ని బట్టి, 8.3 నిమిషాల దాకా తప్పొస్తుంది! అంటే పదేళ్ల సంకేతమంతా ఆ ఒక్క మరుపులోనే కలిసిపోతుంది. లాప్‌టాప్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో రాత్రి మొదట్లోనూ మధ్యలోనూ సరిచూడాలి, ఎక్స్‌పోజర్ మధ్య క్షణాన్నే సమయంగా రాయాలి. మన తెల్లవారుజాము 2 గంటలంటే యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ముందురోజు రాత్రి 8:30. తేదీ తడబడేది ఇక్కడే, జూలియన్ తేదీ (రోజులను ఒకే వరస అంకెగా లెక్కించే పద్ధతి) వాడితే ఆ గొడవే ఉండదు. ఫిబ్రవరి, మార్చి రాత్రులు 5 గంటలు వరసగా తీస్తే ఒక కనిష్ఠమైనా (గ్రహణంలో వెలుగు బాగా తగ్గే క్షణం) దొరుకుతుంది. చుక్క ప్రకాశ పరిమాణం (మాగ్నిట్యూడ్) 8 దగ్గర, కాబట్టి ఫోకస్ కొంచెం తప్పించి 15 సెకన్లు చాలు. పక్కనున్న, వెలుగు మారని పోలిక తారతోనే కొలవండి. లెన్స్ మీద మంచు పట్టిందంటే మాత్రం ఆ రాత్రి డేటా వదిలేయండి.

బరంపురం_ఫొటోమెట్రీ:
అన్నిటికీ మించి వెలుగు గ్రాఫ్ (సమయంతో పాటు వెలుగు మారే తీరు) ఆకారం చూడాలి. వి1309లో ఒక చుట్టుకి రెండు గుట్టలుండేవి, పేలుడు దగ్గరపడ్డకొద్దీ ఒకటే మిగిలింది. ద్రవ్యరాశుల నిష్పత్తి బాగా పడిపోయి, కక్ష్యలో తిరగడం వల్ల ఉండే కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు పరిమాణం) ఆత్మభ్రమణం వల్ల ఉండేదానికి మూడు రెట్లకన్నా తగ్గితే జంట నిలబడదు. ఇవేవీ లేకుండా ఓ–సి వంపు ఒక్కటి చూపి ఏడాది చెప్పేస్తామంటే నేను సరేననను.

గుణుపూర్_రాత్రి:
ఆకారం మాట ఒప్పుకుంటా. కానీ వంపు లేకుండా ఆకారం ఒక్కటే చాలదు కదా? ఈ మార్చి నుంచి రెండూ కొలుద్దాం.