పెన్సిల్వేనియాలో ఆదివారం వేట: ఆ పాత నిషేధం పోవడం మంచికేనా?

హారిస్‌బర్గ్ విలుకాడు

మొన్న సంక్రాంతి విందులో ఈ విషయం మీద గట్టి వాదనే జరిగింది. అరిసెలు చేతిలో పట్టుకునే అరగంట వాదించుకున్నాం. అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం సంగతి చెప్తాను. పెన్సిల్వేనియాలో ఆదివారం వేటాడకూడదని 1873లో చట్టం చేశారు. అప్పట్లో ఆదివారం అంటే చర్చి, ఇల్లు, అంతే. ఫిలడెల్ఫియాలో ఆదివారం బేస్‌బాల్ ఆడుకోవడానికి కూడా 1933లో ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. తర్వాత ఆటలు వచ్చాయి, దుకాణాలు తెరుచుకున్నాయి, వేట మీద నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. 2019లో చేసిన చట్టంతో ఏడాదికి మూడు ఆదివారాలు ఇచ్చారు. 2025 జులైలో గవర్నర్ జోష్ షపీరో సంతకంతో నిషేధమే పోయింది. ఏయే ఆదివారాలు తెరవాలో ఇప్పుడు గేమ్ కమిషన్ (వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ) చెప్తుంది. మొదటి ఏడాది సెప్టెంబర్ 14 నుంచి డిసెంబర్ 7 దాకా 13 ఆదివారాలు ఇచ్చింది.

నా మాట ఒక్కటే. ఇది ఎప్పుడో పోవాల్సింది. మా అబ్బాయికి 14 ఏళ్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వాడికి స్కూలు, నాకు ఆఫీసు. నవంబర్‌లో సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది, సూర్యాస్తమయం దాటిన అరగంటకి వేట ఆపేయాలి. శనివారం పొద్దున తెలుగు బడి, మధ్యాహ్నం వాడి చెల్లెలి కూచిపూడి క్లాసు. ఇక మాకు మిగిలింది ఏ రోజు? అన్నేళ్లూ లైసెన్స్ డబ్బు కట్టి సీజన్‌కి రెండు మూడు పూటలు మంచె మీద కూర్చున్నానంతే. పోయిన నవంబర్‌లో మొదటిసారి వాడూ నేనూ వరసగా మూడు ఆదివారాలు వెళ్లాం. జింక పడలేదు. అయినా వాడు ఫోన్ తీయకుండా మూడు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూశాను, నాకు అది చాలు.

ఇంకో సంగతి. నిషేధం ఉన్న రోజుల్లో కూడా ఆదివారం నక్కని, కయోటీని (తోడేలు లాంటి జంతువు), కాకిని కొట్టొచ్చు. జింకని కొట్టకూడదు. దేవుడి రోజు అనే కారణమైతే కయోటీకి అది వర్తించదా? చప్పుడు కారణమైతే కాకిని కొట్టే తుపాకీ చప్పుడు చేయదా? ఎవరైనా చెప్పండి.

కొండదారి

అన్నా, విందులో మీతో వాదించింది నేనే. ఇక్కడ కూడా అదే చెప్తాను. నేను వేటకి వ్యతిరేకిని కాదు, మీరు ఇచ్చిన జింక మాంసం మా ఇంట్లో వండుకున్నాం కూడా.

1873 నాటి కారణం చచ్చిపోయిందన్న మాట నిజమే. కానీ నూటయాభై ఏళ్లుగా ఒక రోజు తుపాకీ మోగకపోతే ఆ రోజు చుట్టూ వేరే జీవితం అల్లుకుంటుంది. మేం ఎనిమిది కుటుంబాల వాళ్లం అక్టోబర్, నవంబర్‌లలో ప్రతి ఆదివారం స్టోనీ వ్యాలీలో నడుస్తాం. అది స్టేట్ గేమ్ ల్యాండ్ 211, అంటే వేట కోసం రాష్ట్రం ఉంచిన అడవి. మేం నడిచేది అందులోని పాత రైలు దారి. ఆకులు రంగు మారే రోజులు అవే, మాకు సెలవు ఆ రోజే. గేమ్ ల్యాండ్స్‌లో వేట సీజన్ నడిచే నెలల్లో సైకిళ్లకి, గుర్రాలకి చాలాచోట్ల ఆదివారం ఒక్కటే వదిలారు. అంటే ఆ రోజు ఇంకొకళ్లది అని రూల్ పుస్తకమే ఒప్పుకుంది కదా.

పోయిన అక్టోబర్‌లో గుంటూరు నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. పొద్దున్నే కొండ పక్కన తుపాకీ పేలింది. దూరమే, మాకు ఏ ప్రమాదమూ లేదు. అయినా నాన్న అక్కడే ఆగిపోయారు. డెబ్భై రెండేళ్ల మనిషి, 'పద ఇంటికి పోదాం' అన్నారు. ఆ తర్వాత వాళ్లు ఉన్నన్నాళ్లూ కొండకి రాలేదు. దీన్ని టెన్షన్ అని కొట్టిపారేయొచ్చు. కానీ ఆ నడక ఆయనకి మళ్లీ దొరకదు.

హారిస్‌బర్గ్ విలుకాడు

నాన్నగారి సంగతి నువ్వు నాకు అప్పుడు చెప్పలేదు తమ్ముడూ. బాధగా ఉంది.

అయినా రెండు మాటలు చెప్పాలి. ఆ గేమ్ ల్యాండ్స్ దాదాపు 15 లక్షల ఎకరాలు. వాటిని కొన్నదీ, చూసుకుంటున్నదీ ఎక్కువగా వేటగాళ్ల డబ్బుతోనే. లైసెన్స్ ఫీజు ఉంది, అది కాక తుపాకులు, తూటాల మీద 1937 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం పన్ను ఉంది. నడిచేవాళ్లు రావద్దని ఏనాడూ అనలేదు. కానీ భూమి కొన్నవాడికి వారాంతపు సెలవుల్లో సగం లేకుండా చేసి, చూడ్డానికి వచ్చినవాడికి ఆ రోజు మొత్తం ఇవ్వడం న్యాయమా?

రెండోది, వేటగాళ్లకి కనబడేలా వేసుకునే నారింజ రంగు. నవంబర్ 15 నుంచి డిసెంబర్ 15 దాకా గేమ్ ల్యాండ్స్‌లో నడిచేవాళ్లు కూడా 250 చదరపు అంగుళాల నారింజ బట్ట వేసుకోవాలి. నేను అక్టోబర్‌లో కూడా వేసుకోమంటాను. అమ్మానాన్నలకి కూడా కొనిపెట్టు.

లాంకాస్టర్ పొలంగట్టు

మీ ఇద్దరూ సర్కారు భూమి గురించే మాట్లాడుతున్నారు. మా వైపు జింకలు ఉండేది రైతుల పొలాల్లో. నేను పదకొండేళ్లుగా ఒక ఆమిష్ (పాత క్రైస్తవ ఆచారాలు గట్టిగా పాటించేవాళ్లు) రైతు పొలంలో వేటాడుతున్నాను. మొక్కజొన్న, సోయా. జింకలు గట్టు వెంబడి వరసలు వరసలు తినేస్తాయి. మన ఊళ్లో అడవిపందులు వేరుశనగ చేను తవ్విపోసిన పొద్దున మా మామయ్య ముఖం ఎలా ఉండేదో ఈయన ముఖం కూడా అలాగే ఉంటుంది. వేటగాడు ఆయనకి కావాలి.

కానీ ఆదివారం వద్దు అన్నారు. 2019లో మూడు ఆదివారాలు వచ్చినప్పుడే వెళ్లి అడిగాను. అప్పటి చట్టం ప్రకారం ఆదివారం వేరేవాళ్ల భూమిలో వేటాడాలంటే యజమాని రాసిచ్చిన కాగితం ఉండాలి. ఆయన నవ్వి, 'నువ్వు సోమవారం రా, కాఫీ కూడా ఇస్తాను' అన్నారు. మళ్లీ అడగలేదు.

చట్టం పోవాలి అనే నేనూ అంటాను. ఆదివారం పాటించేది ఆ మనిషి, ఆయన కుటుంబం. దాన్ని ఆయన తన గడప దగ్గర పాటిస్తున్నారు, ఎవరి సాయమూ అడగలేదు. ఆయన పాటిస్తున్నాడని రాష్ట్రం మొత్తం ఎందుకు పాటించాలి? అయితే దానితోపాటు అనుమతి లేకుండా పొలంలోకి దిగినవాడికి గట్టి శిక్ష ఉండాలి. రైతులు ఇన్నేళ్లు ఈ మార్పుకి అడ్డం నిలబడటానికి పెద్ద కారణం అదే. వారంలో ఒక్క రోజైనా తమ భూమిలో ఎవడున్నాడో చూసుకోకుండా కూర్చోవచ్చని. కొత్త చట్టంలో ఆ శిక్షలు పెంచారు, చెట్లకి ఊదారంగు పట్టీ వేస్తే 'లోపలికి రావద్దు' అని బోర్డు పెట్టినట్టే లెక్క అని 2020 నుంచే ఉంది. వేటగాళ్లం మనం ఆ రంగు దగ్గర ఆగితేనే ఈ ఆదివారాలు నిలుస్తాయి.

ర్యాలీ నుంచి

మా నార్త్ కరోలినా సంగతి వినండి. 2015లో సొంత భూముల్లో ఆదివారం తుపాకీ వేట ఇచ్చారు. కానీ పొద్దున 9:30 నుంచి మధ్యాహ్నం 12:30 దాకా ఆపాలి. ప్రార్థనా స్థలానికి 500 గజాల లోపు కూడదు. మొదట్లో 7 లక్షలకి మించి జనాభా ఉన్న కౌంటీలకి అసలు వర్తించలేదు, అంటే మా వేక్ కౌంటీకి లేదు. అప్పట్లో కౌంటీ గీత దాటితే అదే అడవిలో వేట ఉండేది, ఇటు ఉండేది కాదు.

విచిత్రమైన రూలే. కానీ ప్రార్థనా స్థలం అనే మాటలో గుడి, మసీదు కూడా వస్తాయి. ఆదివారం పొద్దున మా గుడిలో పిల్లలకి శ్లోకాలు నేర్పే వేళ అది. బయట తుపాకీ మోగదు. నాకు వేట అంటే ఇష్టమే, ఆ మూడు గంటలు ఆగడం నాకేమీ కష్టంగా లేదు.

పాటర్ కౌంటీ క్యాంపు

ఆలస్యంగా చూశాను. నేను ఇక్కడికి వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది, పిట్స్‌బర్గ్‌లో ఉంటాను. ఆఫీసు మిత్రులతో కలిసి పాటర్ కౌంటీలో ఒక చెక్క క్యాబిన్‌లో వాటా ఉంది. నేను వేటగాణ్ణే, అయినా ఈ మార్పు నాకు నచ్చలేదు. కారణం చెప్తాను.

తుపాకీతో జింక వేట మొదలయ్యే రోజు ఇక్కడ దశాబ్దాల పాటు థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం వచ్చే పండుగ) తర్వాతి సోమవారం. ఆ రోజు చాలా స్కూళ్లకి సెలవు. శనివారం క్యాంపుకి చేరేవాళ్లం. ఆదివారం వేట లేదు కాబట్టి కట్టెలు కొట్టుకోవడం, తుపాకీలు తుడుచుకోవడం, ఊళ్లో ఫైర్ హాల్‌లో భోజనం, పక్క క్యాంపు వాళ్లని పలకరించడం. నన్ను ఆ ఊరివాళ్లు మనిషిగా ఎరిగింది ఆ ఆదివారాల్లోనే. మంచె మీద ఎవడి మానాన వాడు ఉంటాడు. 2019లో తొలి రోజుని థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారానికి మార్చారు. ఉద్యోగాలు చేసే కుర్రాళ్లకి సులువు అన్నారు, అది నిజమే. కానీ పండుగ భోజనం చేసి శుక్రవారం రాత్రి గంటల తరబడి తోలుకొచ్చి శనివారం తెల్లారుజామున అడవిలోకి వెళ్తే ఇక క్యాంపు ఏముంది? మాలో ఇద్దరు రావడం మానేశారు. ఇప్పుడు ఆదివారం కూడా వేటే. కబుర్లకి పూట లేదు.

పాత రూల్ కనబడగానే తీసేయాలన్న తొందర నాకు భయం. అన్ని పాత రూల్సూ ఒకటి కావు. కొన్ని పోయి మంచే జరిగింది. ఆడ జింకకి లైసెన్స్ కావాలంటే గులాబీ రంగు కవరులో చెక్కు పెట్టి, స్టాంపులు అంటించి, కౌంటీ ట్రెజరర్‌కి పోస్టులో పంపేవాళ్లం. ఇంటర్నెట్ వచ్చి ఇన్నేళ్లయినా 2022 దాకా అదే పద్ధతి. 2023లో తీసేశారు. మొదటి రోజు ఆన్‌లైన్‌లో గంటల తరబడి వరసలో ఉన్నాం, అయినా ఆ కవరు కోసం ఎవడూ ఏడవలేదు.

కానీ చెకుముకి తుపాకీ రూల్ ఉంది చూశారా. క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్ 1974లో మొదలైంది. మూతి నుంచి మందు దట్టించి, చెకుముకి రాయి రవ్వతో పేలే తుపాకీయే వాడాలి. ఇంకే రాష్ట్రం వాడికి చెప్పినా వింతగా చూస్తాడు. మంచు పడితే మందు తడిసిపోతుంది, మీట నొక్కాక రాయి రవ్వ పడి లోపల మందు అంటుకునేదాకా ఒక క్షణం పడుతుంది, ఆ క్షణం చేయి కదలకూడదు. ప్రకాశం జిల్లాలో మా తాతగారి దగ్గర లైసెన్స్ ఉన్న నాటు తుపాకీ ఉండేది. గజంతో (మందు దట్టించే కడ్డీ) మందు దట్టించి, పాత గుడ్డ కూరి, చిన్న గుళ్లు పోసేవారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మానేశారు, కొన్నాళ్లకి తుపాకీ కూడా స్టేషన్‌లో అప్పగించారు. నేను దాన్ని పేల్చి ఎరగను. ఇక్కడ మొదటిసారి గజం చేత్తో పట్టుకున్న రోజు ఎలా దట్టించాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ రూల్ పాతదని, సౌకర్యంగా లేదని తీసేస్తే నేను ఒప్పుకోను.

జింకల మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడకూడదన్న రూల్ కూడా అంతే. 2017లో కమిషనే ఇద్దామనుకుంది. వేటగాళ్లని అడిగితే ఎక్కువమంది వద్దన్నారు, చిన్న జంతువుల వరకే ఇచ్చి ఆగింది. అలా అడగడం నాకు నచ్చింది.

ఒహాయో కుర్రాడు

పెద్దవాళ్ల చర్చలో ఒక ప్రశ్న. నేను హెచ్1బి మీద ఉన్నాను. మామూలుగా ఈ వీసా ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదు, కానీ ఏ రాష్ట్రం వేట లైసెన్స్ అయినా ఉంటే కొనొచ్చని ఫెడరల్ చట్టంలో ఉంది. ఈ ఆదివారం రూల్ కన్నా నాకు అదే అర్థం కాలేదు. లైసెన్స్ తీసుకుని ఒక్కరోజు కూడా అడవికి వెళ్లనివాళ్లు నాకు తెలుసు.

పాటర్ కౌంటీ క్యాంపు

బాబూ, ఆ మినహాయింపు వేటకి వచ్చే విదేశీయుల కోసం పెట్టింది. కాగితం ఉంటే చాలు అనుకుని తుపాకీ ఇంట్లో పెట్టుకోవద్దు. ముందు వేటగాళ్ల శిక్షణ క్లాసు పూర్తిగా చెయ్యి. ఎవరైనా తెలిసినవాళ్లతో ఒక సీజన్ తిరుగు, తుపాకీ లేకుండా. లైసెన్స్ గడువు తేదీ ఎప్పుడూ చూసుకో, నీ విషయంలో అది చిన్న సంగతి కాదు. వీసా వ్యవహారం కాబట్టి లాయర్‌ని కూడా ఒకసారి అడుగు.

కొండదారి

పాటర్ కౌంటీ పెద్దాయనా, మీరు చెప్పిన ఆదివారం నేను వేటాడకపోయినా నాకు అర్థమైంది. మా నడక కూడా అలాంటిదే.

విలుకాడు అన్నా, భూమి ఎవరి డబ్బుతో కొన్నారన్నది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నడిచేవాళ్లం కూడా ఏడాదికి ఇంతని కట్టే పద్ధతి పెడితే నేను కడతాను, మాట్లాడే హక్కు కూడా వస్తుంది. నేను అడిగేది 13 ఆదివారాలూ వెనక్కి ఇమ్మని కాదు. అక్టోబర్‌లో రెండు ఆదివారాలు వదిలేయమని. ఏ ఆదివారాలో ముందే చెప్తే చాలు, మేం కుటుంబాలతో ఆ రోజులు పెట్టుకుంటాం. చట్టం ఇప్పుడు కమిషన్ చేతిలో పెట్టింది కాబట్టి అలా చేయొచ్చు కదా.

హారిస్‌బర్గ్ విలుకాడు

రెండు అక్టోబర్ ఆదివారాలు అంటే విల్లు సీజన్ మధ్యలో పడతాయి, నాకు నష్టమే. అయినా ఒకటైతే ఒప్పుకుంటాను. రెండోది మా అబ్బాయిని అడగాలి, వాడి ఆదివారాలు కూడా అవి.

కమిషన్ సీజన్లు ఖాయం చేసే ముందు జనం అభిప్రాయాలు తీసుకుంటుంది. నువ్వు ఒక ఉత్తరం రాయి, నేను ఒకటి రాస్తాను. నా దాంట్లో ఆదివారాలు ఉండాలనే రాస్తాను, నీ అక్టోబర్ ఆదివారం సంగతి కూడా కలుపుతాను. వలస బాతులకి ఆదివారం ఇంకా ఎందుకు లేదో కూడా అడగాలి.

పాటర్ కౌంటీ గారూ, ఆ చెకుముకి తుపాకీ సీజన్‌కి వచ్చే డిసెంబర్‌లో మా అబ్బాయిని తీసుకొస్తే చూపిస్తారా? ఒక రోజు ముందే వస్తాం, కట్టెలు మేం కొడతాం.

పాటర్ కౌంటీ క్యాంపు

రండి. రెండు రోజుల ముందు రండి. తెచ్చుకోవాల్సింది గోంగూర పచ్చడి ఒక్కటే, మిగతావన్నీ క్యాంపులో ఉన్నాయి.