నేల మీద ప్రొజెక్టర్ ఆటలతో ఫిజియోథెరపీ: తెలిసినవాళ్లు చెప్పగలరా?

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు బలహీనపడ్డాయి. ఫిజియోథెరపీలో ఈ మధ్య ప్రొజెక్టర్ ఆటలు మొదలుపెట్టారు. నేల మీద చేప కనిపిస్తే కాలితో తొక్కాలి, గోడ మీద బుడగ వస్తే ఎడమ చేత్తో తాకాలి. పైనున్న కెమెరా కదలికను పసిగట్టి స్కోరు ఇస్తుంది. వ్యాయామం అంటేనే విసుక్కునే మనిషి, దీనికి మాత్రం "ఇంకోసారి" అంటున్నారు!

నా టెన్షన్ వేరే. స్కోరు కోసం ఆయన భుజం ఎత్తేసి, నడుము వంచేసి బుడగను అందుకుంటున్నారు. మోచెయ్యి సరిగా చాచడం లేదు. ఆటకు అదంతా పట్టదు, చెయ్యి తగిలితే చాలు. ఇలాగే ఆడితే ఆ తప్పు పద్ధతే అలవాటైపోదా? కుర్చీలో కూర్చోబెట్టి, నడుము ముందుకు వంగకుండా బెల్టు పెట్టి ఆడించడం మేలా?

ఇంకోటి, చూపు బాగానే ఉన్నా ఎడమవైపు వచ్చే బొమ్మలను చాలాసార్లు గమనించరు. మొదటినుంచీ ఆ వైపే ఎక్కువ బొమ్మలు పెట్టించాలా, లేక మధ్య నుంచి మెల్లగా ఎడమకు జరపాలా? బొమ్మలు బాగా కనపడాలని గదిలో లైట్లు తగ్గిస్తారు, పడిపోతారేమోనని అదో భయం.

థెరపిస్టుగారితో మాట్లాడే ముందు ఏమేం అడగాలో తెలుసుకుందామని రాస్తున్నాను. ఈ ఆటలు ఆడించిన థెరపిస్టులు, ఇంట్లోవాళ్లు దయచేసి చెప్పండి.